సగం సిఫారసు, సగం ఫిర్యాదు

మొదట చప్పుడు వచ్చేది. గర్‌ర్‌... టక్. గర్‌ర్‌... టక్. పొడవాటి నడవాలో రాతి పలకల మీద చక్రాల పెట్టె ఒకటి దొర్లుతూ, అరిగిపోయిన ఎడమ చక్రం వల్ల ప్రతి పలక అంచు దగ్గరా ఒకసారి కుంటేది. ఆ కుంటు వినగానే సమాజశాస్త్రం తరగతిలో చివరి బెంచీవాళ్లు ఫోన్లు జేబుల్లోకి తోసేవాళ్లు. ముందు బెంచీవాళ్లు "చక్రాల మేడమ్ వచ్చేస్తోంది" అని సర్దుకునేవాళ్లు. ఆ తర్వాతగానీ ఆమె కనిపించేది కాదు. పొట్టి మనిషి, భుజం మీంచి జారిపోతున్న సంచీ, జుట్టులో గుచ్చి మర్చిపోయిన పెన్సిలు.

పదకొండేళ్లుగా ఆమె మూడు కాలేజీల్లో గెస్టు లెక్చరరు. ఇంటికొచ్చిన గెస్టుకి ఎవరైనా ముందు కుర్చీ వేస్తారు. కాలేజీకొచ్చిన గెస్టుకి లేనిది ఆ కుర్చీయే. బల్ల లేదు, అల్మరా లేదు, తాళంచెవి అసలే లేదు. అందుకని ఆమె తన గదిని మడిచి పెట్టెలో పెట్టుకుని తిరిగేది. అందులో పుస్తకాలు, దిద్దిన పేపర్లు, దిద్దని పేపర్లు, గొడుగు, మంచినీళ్ల సీసా, చలేస్తే కప్పుకునే శాలువా ఉండేవి. మెట్లు వస్తే పెట్టెను రెండు చేతుల్తో ఎత్తుకుని, నిద్రపోతున్న పిల్లని మోసినట్టు మోసుకెళ్లేది.

మెట్లంటే ఆమెకి గౌరవం. పీహెచ్‌డీ వాటిమీదే చేసింది. ఒకే మెట్లు వాడే అద్దె ఇళ్లవాళ్లు ఎదురుపడితే ఎవరు ముందు పలకరిస్తారు, ఎక్కేవాళ్లా, దిగేవాళ్లా? చేతిలో బరువుంటే పలకరింపు ఎందుకు పొట్టిదవుతుంది? రెండో అంతస్తువాళ్లు మూడో అంతస్తువాళ్లతో గొడవపడ్డాక ఎన్ని రోజులు గోడవైపు చూస్తూ దిగుతారు? వినేవాళ్లకి నవ్వొస్తుంది. ఆమె మాత్రం ఆరు భవనాల మెట్ల మీద నాలుగేళ్లు కూర్చుంది. ఒక భవనంలోనైతే చిన్న వాటా అద్దెకి తీసుకుని ఉంది. అక్కడివాళ్లు ఆమెను మెట్ల సంఘానికి కార్యదర్శిని చేస్తే, బల్బు మాడిపోయినప్పుడల్లా నిచ్చెనెక్కి మార్చింది. థీసిస్ రాయడానికి తిరిగి రమ్మని గైడు మూడుసార్లు కబురు పెట్టాల్సి వచ్చింది.

తర్వాత ఆ థీసిస్‌లోంచి ఒక వ్యాసం తీసి పెద్ద పత్రికకి పంపితే, పద్నాలుగు నెలలకి జవాబొచ్చింది. మొదటి సమీక్షకుడికి అది చాలా నచ్చింది. రెండో సమీక్షకుడికి ఆరు మెట్లవరుసలు చాలలేదు, వ్యాసం తిరిగొచ్చింది.

"ఇంకో రెండు ఎక్కి రాకపోయావా?" అన్నాడు బావ.

ఆమె ఉండేది అక్కావాళ్ల ఇంటి పైగదిలో. అక్క ఒక బడిలో డ్రిల్లు టీచరు. ఇంట్లో కూడా పిలవాల్సి వస్తే గొంతు వాడదు, విజిలేస్తుంది. బావకి వీధి మలుపులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. అద్దాలు అరగదీసి అరగదీసి, ఆయన మాట కూడా పదునెక్కింది. ఆయనకి మరదలంటే ప్రాణం. ఆ సంగతి బయటికి చెప్పడం చేతకాక వెక్కిరిస్తాడు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో నోటిఫికేషన్ పడింది. యూనివర్సిటీలో సమాజశాస్త్రం పోస్టు, పర్మనెంటుది, ఒక్కటే ఒక్కటి. ఆ శాఖలో అలాంటిది పడి ఏడేళ్లయింది. మళ్లీ పడేసరికి ఆమెకి వయసు గడువు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు. ఇది తప్పితే ఏం చేయాలో కూడా తెలిసిపోయింది. సబ్బులూ షాంపూలూ ఎవరెవరు ఎందుకు కొంటున్నారో ఇల్లిల్లూ తిరిగి కనుక్కునే సర్వే కంపెనీ ఒకటి ఆమెని రమ్మంటోంది. మంచి జీతం, కిటికీ పక్కన బల్ల, మెత్తటి కుర్చీ. మెట్ల మీద పలకరింపులు మాత్రం వాళ్లకి అక్కర్లేదు.

దరఖాస్తుకి మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. అందులో అసలైనది గైడుది. ఆయన రిటైరయి చాలా కాలమైనా ఆయన పేరు చెబితే ఇప్పటికీ సభలో నలుగురు వెన్ను నిటారుగా పెట్టుకుంటారు. ఆమె వెళ్లేసరికి పెద్దాయన కాగితాల కొండల మధ్య ఎక్కడో ఉన్నాడు.

"ఉత్తరమా? దానిదేముందమ్మా. నువ్వే రాసి తీసుకురా. సంతకం పెట్టి పంపిస్తాను."

"నా గురించి నేనే రాసుకోవాలా సార్?"

"నీ గురించి నీకంటే ఎవరికి తెలుసు? మా గైడు కూడా నాచేతే రాయించాడు."

అదీ అక్కడి ఆనవాయితీ. అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. ఉత్తరం అడిగినవాళ్లే రాసుకొస్తారు. పెద్దవాళ్లు సంతకం పెడతారు. చదివేవాళ్లు, వాళ్లూ ఒకప్పుడు అలా రాసుకున్నవాళ్లే, నమ్మినట్టు తలూపుతారు.

మూడు సాయంత్రాలు ఆమె పైగదిలో కూర్చుని రాసింది. కిటికీ బయట వాన సన్నగా, ఎవరో పక్కగదిలో కాగితాలు తిరగేస్తున్నట్టు పడుతోంది. మొదటి రోజు రాసింది మర్నాడు చదువుకుంటే సంతాపసభలో ప్రసంగంలా అనిపించింది. అంత గొప్ప మనిషి బతికి ఉండగా ఎవరూ ఎందుకు ఉద్యోగం ఇవ్వలేదా అని జాలి కూడా వేసింది. చింపేసి, పరిశోధన వ్యాసం రాసినట్టు జాగ్రత్తగా, రుజువున్నంత మేరకే రాయడం మొదలుపెట్టింది. చెయ్యి దారిలో పడింది. అధ్యయన నేపథ్యం, పద్ధతి, ఫలితాలు. ఆ వరసలోనే, ఆమె చదువుకున్న ప్రతి వ్యాసం చివరా ఉండేదీ, పదకొండేళ్లుగా పిల్లలందరికీ మర్చిపోవద్దని చెప్పేదీ అయిన ఆ పేరా కూడా దానంతటదే వచ్చేసింది. పరిమితులు, అంటే చేసిన పనిలో ఏమేం లోపాలున్నాయో.

రాసేటప్పుడు తనేం రాస్తోందో ఆమెకి తట్టలేదు. ఈతగాడు ఒడ్డుకొచ్చాక కూడా రెండు బారలు వేసినట్టు అలవాటుకొద్దీ రాసేసింది. మర్నాడు పెద్దాయన చేతికిచ్చింది. ఆయన చూడకుండానే టీ కప్పు కింద పెట్టుకుని "పంపిస్తాలే" అన్నాడు.

రెండు రోజులు గడిచాక, ఇంట్లో ఉన్న నకలు కాగితం బావ కంటపడింది. దుకాణానికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, ఒక కన్ను మూసి చదివాడు.

"మరదలుగారూ, ఇది మీ గైడు నీకిచ్చిన ఉత్తరమా, నీమీద పెట్టిన కేసా?"

"ఏముంది అందులో?"

"వినిపిస్తా, కూర్చో. 'క్షేత్ర పరిశోధనకు వెళితే ఈమె సకాలంలో తిరిగి రాకపోవచ్చు. ఒక్క వాక్యానికి బహుశా మూడు రోజులు తీసుకుంటుంది. సమావేశాల్లో ఈమె నోరు విప్పేసరికి బహుశా అందరూ టీ తాగడానికి వెళ్లిపోయి ఉంటారు.' ఇదెలా ఉందంటే, పెళ్లిసంబంధానికి ఫొటో పంపిస్తూ వెనకాల 'పిల్ల గురక పెడుతుంది' అని రాసినట్టుంది."

వంటింట్లోంచి విజిలు వినిపించింది. ఆ వెనకే అక్క వచ్చింది. "పొద్దున్నే దాన్నేమంటున్నారండీ?"

"నేననడం లేదే. తనని తనే అనుకుంది, సంతకం ఇంకొకాయనతో పెట్టించుకుంది."

ఆమె అప్పటికే ఫోను తీసింది. అవతల పెద్దాయన తీరిగ్గా దగ్గి, "నిన్ననే పంపేశానమ్మా. నేనే పోస్టాఫీసుదాకా నడిచాను, మోకాలు కూడా సహకరించింది" అన్నాడు. ఆ గొంతు నిండా సంతోషం. థాంక్సండీ సార్ అని ఫోను పెట్టేసి, మెట్ల మీద కూర్చుండిపోయింది.

మరో ఆరు వారాలకి, ఒక శుక్రవారం, ఇంటర్వ్యూ. సర్వే కంపెనీవాళ్లు సోమవారంలోగా అవునో కాదో చెప్పమన్నారు. గది నిండా పాత చెక్క వాసన. అండాకారపు బల్లకి అవతల అయిదుగురు. మధ్యలో ఎంపిక సంఘం అధ్యక్షుడు, ఇస్త్రీ పెట్టె ఇప్పుడే దిగివెళ్లినట్టున్న చొక్కాలో. ఇద్దరు కాగితాలు చూస్తున్నారు, ఒకాయన బిస్కెట్ల పళ్లెం చూస్తున్నాడు. చివర బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన నిపుణురాలు, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఎవరినీ ఖాతరు చేయనక్కర్లేని వయసు. ఫ్యాను తిరుగుతూ ప్రతి చుట్టుకీ ఒకసారి నిట్టూరుస్తోంది.

ఏం పాఠాలు చెబుతారు, ఎలా చెబుతారు, మెట్లకీ సమాజానికీ ఏమిటి సంబంధం? ఇవన్నీ బాగానే నడిచాయి. ఎక్కేవాళ్లకంటే దిగేవాళ్లే ముందు పలకరిస్తారని ఆమె చెబితే, బిస్కెట్లాయన తలెత్తి "మా భవనంలోనూ అంతే సుమండీ" అన్నాడు. ఆమెకి కొంచెం ఊపిరి ఆడింది. అప్పుడు అధ్యక్షుడు ఒక కాగితం పైకి తీశాడు.

"మీ గైడుగారి ఉత్తరం. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. మిమ్మల్ని పెంచి పెద్దచేసిన మనిషే ఒక్క వాక్యానికి మూడు రోజులు పడుతుందంటున్నారు. ఏమంటారు మీరు?"

ఆయన రాయలేదంటే ఆయన చదవకుండా సంతకం పెట్టినట్టు. ఆయన రాశారంటే తన పని సరి.

నిపుణురాలు కళ్లజోడు నుదుటి మీదకి తోసింది. "ఒక్క నిమిషం. ఈయన నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు. ఈయన నోటెంట 'బహుశా' అన్న మాట నేనెన్నడూ వినలేదు. ఇందులో తొమ్మిది ఉన్నాయి, లెక్కపెట్టాను." ఆమె వైపు తిరిగి, పిల్లి పాలగిన్నెని చూసినట్టు చూసింది. "కానీ చివర రెండు వాక్యాల్లో ఒక్కటి కూడా లేదు. అవి మాత్రం అచ్చం ఆయనే. చదవనా?"

చివర రెండు వాక్యాలేమిటో ఆమెకి అర్థం కాలేదు. తను రాసింది టీ దగ్గర అయిపోయింది.

నిపుణురాలు చదివింది. "'ఈమె వెనకబడటానికి ఈమె నెమ్మది ఒక్కటే కారణం కాదు. ఈమె మూడో అధ్యాయం రెండేళ్లు నా బల్ల మీద పడి ఉంది, నేను చదవలేదు.'"

ఫ్యాను నిట్టూర్పు మధ్యలో ఆగినట్టయింది. ఆమె కళ్లముందు ఆ అధ్యాయం కదిలింది. ప్రతి నెలా ఆ గదికి వెళ్లడం, ఏమీ అడగకుండా బల్లవైపు చూడటం, పై కాగితం మీద టీ కప్పు వలయాలు ఒకదానిమీద ఒకటి పెరుగుతూ, నరికిన మానులో చుట్లలాగా దాని వయసు చెప్పడం. ఆ కాలమంతా తనదే ఆలస్యమని, తను మందబుద్ధి గనకే పనులు తెమలవని ఆమె నమ్మింది. పదకొండేళ్లు ఆ నమ్మకాన్ని మోసింది. ఇప్పుడెవరో అడగకుండానే ఒకవైపు చెయ్యివేసి పట్టుకున్నట్టు బరువు ఒక్కసారి తేలికయింది. అంటే ఆయన చదివాడు. చదివి, కలం తీశాడు.

"ఇది నిజమేనా?" అంది నిపుణురాలు.

"రెండేళ్లు కాదండీ" అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇరవై రెండు నెలలు."

బిస్కెట్లాయనకి పొలమారింది. అధ్యక్షుడు ముందుకి వంగాడు. "మరి మిగతా ఉత్తరం?"

"నేనే రాశానండీ. మామూలుగా అందరూ రాసుకున్నట్టే."

"అంటే మిమ్మల్ని మీరే సిఫారసు చేసుకున్నారన్నమాట!"

"సిఫారసు సగమేనండీ. మిగతా సగం ఫిర్యాదు."

"ఫిర్యాదెందుకమ్మా రాసుకోవడం?"

"పరిమితులు లేని వ్యాసాన్ని నేను మా పిల్లల దగ్గర తీసుకోను. అలవాటులో రాసేశాను. చూసుకునేసరికి సార్ పోస్టాఫీసుకి నడిచి వెళ్లొచ్చేశారు."

"ఓహో." అధ్యక్షుడు కాగితాలు తిరగేశాడు. "మరి మిగతా రెండు ఉత్తరాలు? అవెవరు రాశారు?"

అవీ ఆమె రాసినవే.

"వాటిలో ఫిర్యాదులు లేవండీ."

నిపుణురాలు బల్లమీద అరచేత్తో కొట్టి నవ్వింది. నవ్వి, అధ్యక్షుడి వైపు తిరిగి చాలా మర్యాదగా, "తమరు ఉద్యోగంలో చేరినప్పుడు తమ ఉత్తరం ఎవరు రాశారండీ?" అంది. ఆయన గ్లాసందుకుని మంచినీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. "ఇక మీరు వెళ్లొచ్చు" అన్నాడు.

ఆమె తిన్నగా పెద్దాయన ఇంటికి వెళ్లింది. చెప్పులు వదిలేటప్పుడే అడిగేసింది.

"ఉత్తరం చదివారా సార్?"

"చదవకుండా సంతకం పెడతానా?"

"పెడతారు సార్."

"పెడతాను. ఈసారి మాత్రం కలం మూత తీసేసరికి మొదటి వాక్యంలోనే 'బహుశా' కనపడింది. నా పేరు మీద ఇంత అనుమానపు మనిషి ఎవడా అని చివరిదాకా చదివాను. ఇన్నేళ్లలో నా సంతకం కింద వెళ్లిన ఉత్తరాల్లో నమ్మబుద్ధేసినది అదొక్కటే."

"ఆ పేరా కొట్టేస్తే సరిపోయేది కద సార్."

"నిజం కొట్టేయమని నీకెప్పుడైనా నేర్పానా? నీ లోపాలు రాశావు, నాది లేదు. లెక్క కుదరలేదు. కలిపాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏమన్నారు వాళ్లు?"

"నవ్వారు సార్. ఇంకోటి. రెండేళ్లు కాదు, ఇరవై రెండు నెలలు. అక్కడ చెప్పేశాను."

"అవునా?" పెద్దాయన నిజంగా కంగారుపడ్డాడు. "తప్పు రాశానన్నమాట. సవరణ పంపనా?"

"వద్దు సార్, బాబోయ్!"

శనాదివారాలు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. అక్క విజిలు కూడా వేయలేదు. సోమవారం పొద్దున ఆమె సర్వే కంపెనీకి ఫోను చేసి మూడు వారాలు గడువు అడిగింది. ఆ అమ్మాయి చాలా తియ్యగా కుదరదంది. "అయితే వద్దులెండి" అంది ఆమె. అది తన నోటినుంచే వచ్చిందా అని ఫోనుని ఒకసారి చూసుకుంది కూడా.

బావ అప్పుడే బూట్లు వేసుకుంటున్నాడు. "వద్దన్నావా?"

"అన్నాను."

"ఆ యూనివర్సిటీవాళ్లు నిన్ను తీసుకుంటామన్నారా?"

"అనలేదు."

"మరి దేన్ని చూసుకుని?"

"నేననుకున్నంత మందకొడిదాన్ని కాదు బావా. సగమే."

బావ ఆ మాటని అద్దాన్ని వెలుతురుకి పట్టి చూసినట్టు కాసేపు చూశాడు. వెక్కిరింపు దొరకలేదు. "సగమైతే పర్లేదు" అని బూటు ముడి వేసుకుని, మళ్లీ విప్పి, మళ్లీ వేసుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాలకి జాబితా వచ్చింది. ఆమె పేరు రెండోది. ఉన్న పోస్టేమో ఒకటి. ఆ పూట ఆమె మూడు కాలేజీలకీ వెళ్లి, మూడు పాఠాలూ చెప్పి, ఇంటికొచ్చి పైగదిలో గోడవైపు తిరిగి పడుకుంది. అక్క వచ్చి పక్కన కూర్చుని జుట్టులోంచి పెన్సిలు తీసి బల్లమీద పెట్టింది. ఆ పోస్టు మళ్లీ ఎప్పుడో పడుతుంది, అప్పటికి ఆమె వయసు గడువు దాటిపోతుంది. చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు.

పన్నెండో రోజున యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు. జాబితాలో మొదటి ఆయన ఇంకెక్కడో పెద్ద చోట చేరిపోయాడట. "మీరు వస్తారా, మూడో ఆయన్ని పిలవమంటారా? తొందరగా చెప్పండి మేడమ్, నాకు భోజనం టైమయింది."

"వస్తున్నాను" అంది ఆమె. ఆ ఒక్క వాక్యానికి మూడు రోజులు పట్టలేదు.

ఇప్పుడు ఆమెకి ఒక గది ఉంది. పాత సామాన్లు పడేసే కొట్టుని ఖాళీ చేసి ఇచ్చారు. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, గోడమీద మధ్యాహ్నం పూట మాత్రం చారెడు ఎండ వచ్చి కూర్చుంటుంది. ఆమెకి కుర్చీలో కూర్చోవడం ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. ఎవరో వచ్చి లేవమంటారన్నట్టు అంచున ఉంటుంది. బల్ల మీద పిల్లల అధ్యాయాలున్నాయి. ప్రతి దానిమీదా అందిన తేదీ ఎర్రసిరాతో వేసి ఉంది, మూడు వారాలు దాటినది ఒక్కటీ లేదు. ఉత్తరం కావాలని వచ్చే పిల్లలు ఆనవాయితీ ప్రకారం తామే రాసి తెస్తే, తిప్పి పంపేస్తుంది. మీ గురించి నాకేం తెలుసో నేను రాస్తాను, భయముంటే అడగకండి అంటుంది. అందుకని ఆ గదికి ఉత్తరాలకోసం వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు కూడా గుమ్మం బయట కాసేపు ఆలోచించుకుని వస్తారు.

ఇదంతా ఆమె నోటనే విని రాసుకోవడానికి వచ్చిన మనిషి కలం మూత పెట్టబోతుంటే, గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నీడ కనిపించి, సందేహించి, వెనక్కి తగ్గింది. మేడమ్ లేచి నిలబడి, రాసుకుంటున్న మనిషితో గొంతు తగ్గించి అంది.

"ఇక మీరు బయల్దేరండి, ఏమీ అనుకోకండి. ఆ పిల్ల ఉత్తరం సాయంత్రంలోగా పంపాలి. మహా తెలివైంది, మహా బద్ధకం. తెలివి నిన్ననే రాసేశాను. బద్ధకం దగ్గరే ఆగిపోయాను, మనసు నొచ్చుకోకుండా రాయడం ఎలాగో తెలియడం లేదు."